పురుషుల సహవాసం: సంఘంలో మగవాళ్ల కూడిక నిలబడాలంటే

సీఎస్‌ఐ, లూథరన్, బాప్టిస్టు, ఏ క్రైస్తవ సంఘం చూసినా ఆడవాళ్ల కూడిక వారం వారం నడుస్తూనే ఉంటుంది. స్త్రీల మైత్రి అనండి, స్త్రీల సమాజం అనండి, ఎవరింట్లో జబ్బుందో, ఎవరి కూతురికి నెలలు నిండాయో, ఎవరి పొయ్యి వెలగలేదో వాళ్లకు తెలుసు. మగవాళ్ల సహవాసం మాత్రం ఏడాదికోసారి పురుషుల ఆదివారం నాడు లేస్తుంది. తెల్ల చొక్కాలు, ఒక ప్రత్యేక గీతం, బయటి ఊరి ప్రసంగీకుడు, మధ్యాహ్నం బిర్యానీ. మళ్లీ వచ్చే ఏడే. మగవాళ్లకు తీరిక లేదని అంటారు గానీ అసలు సంగతి అది కాదు. వచ్చినవాళ్లకు ఇంకో ప్రసంగం వినిపించి పంపితే మూడో వారానికి ఎవరు వస్తారు?

మీ సంఘంలో ఇలాంటి సహవాసం కొత్తగా మొదలుపెట్టాలన్నా, పడుకున్నదాన్ని లేపాలన్నా ఏం చేయాలో ఇక్కడ వరసగా చెబుతున్నాం. పల్లె సంఘానికీ పట్నం సంఘానికీ తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

ముందు తేల్చుకోవాల్సినవి

సహవాసం చేయాల్సిన పనులు మూడు. ఒకరి పరిస్థితి ఒకరికి నిజంగా తెలియడం. సంఘంలోనూ ఊళ్లోనూ మగవాళ్ల చేతులు అవసరమైన పనులకు నిలబడడం. ఇంటి దగ్గర నడవడి మారడం. మూడోది మిగతా రెండింటి కంటే కష్టం. అది లేకపోతే మొదటి రెండూ కాలక్షేపంగా మిగిలిపోతాయి. మంచి మగవాడు అనిపించుకోవడం గుడి మెట్ల మీద చాలా తేలిక. ఆ సంగతి నిజంగా తెలిసేది భార్యాపిల్లలకే.

చేయకూడనివి కూడా మొదటి రోజే చెప్పేయండి. పాస్టరేట్ కమిటీ (సంఘ పాలకవర్గం) ఎన్నికల మాట, గుడి కట్టడం చందా, మిషన్ స్థలాల తగాదాలు, పాస్టరు గారి బదిలీ. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి లోపలికి వచ్చినా ఆ రోజుతో గుంపు రెండు వర్గాలవుతుంది. అవి మాట్లాడే చోటు వేరే ఉంది, అక్కడే మాట్లాడుకోవాలి.

పాస్టరు గారికి ముందే చెప్పి ఆయన సమ్మతితో మొదలుపెట్టండి. కానీ నడిపే బాధ్యత ఆయనకు ఇవ్వొద్దు. అయ్యగారు కూర్చుంటే మనవాళ్లు మాట్లాడరు, సాక్ష్యం చెబుతారు. పైగా ఆయనకు బదిలీ అయిన రోజున సహవాసం కూడా బండెక్కి వెళ్లిపోతుంది. మూడు నెలలకోసారి ఆయన్ని పిలిచి, ఏం చేశారో చెప్పి, ప్రార్థన చేయించుకుంటే చాలు.

ఎంతమంది, ఎప్పుడు, ఎక్కడ

ఐదుగురితో మొదలుపెట్టండి. ఆరు నుంచి ఎనిమిది మంది ఉంటే సరిపోతుంది. ఎనిమిది దాటితే ఇద్దరు ముగ్గురే మాట్లాడతారు, మిగతావాళ్లు తలాడిస్తారు. స్టేజీ మీద ప్రకటన చేసి అందరినీ పిలవడం కంటే, ఒక్కొక్కరి ఇంటికి వెళ్లి అడగడం మేలు. ప్రకటన వింటే వచ్చేవాళ్లు ఎప్పుడూ వచ్చేవాళ్లే. ఆదివారం భార్యాపిల్లల్ని గుడి దగ్గర దింపి బయట బండి మీద కూర్చునే మనిషి ఉంటాడు చూడండి, మొదట అడగాల్సింది అతన్ని.

ఐదుగురిని ఎంచుకునేటప్పుడు ఒక్క ఉద్యోగి, ఒక్క కూలీ, ఒక్క పెద్దాయన, ఒక్క పాతికేళ్లవాడు ఉండేలా చూడండి. అందరూ టీచర్లయితే అది స్టాఫ్ రూమ్ అవుతుంది. మాల పల్లెకూ మాదిగ పల్లెకూ గుళ్లు వేరుగా ఉన్న ఊళ్లలో, కనీసం మగవాళ్ల సహవాసమైనా రెండు వైపుల నుంచి ముగ్గురేసి చొప్పున కలిసి కూర్చోవాలి. ఒక నెల ఆ వాడలో, ఒక నెల ఈ వాడలో కలవండి. టీ కూడా అక్కడే తాగండి. దీన్ని వాయిదా వేసే సంఘాలు ఎక్కువ. అలా వాయిదా వేస్తూ సహోదరత్వం మీద ఎన్ని ప్రసంగాలు చేసినా పిల్లలు నమ్మరు.

సమయం విషయంలో అందరూ చేసే పొరపాటు ఆదివారం ఆరాధన అవగానే పెట్టుకోవడం. అప్పటికి ఆకలి, బయట పిల్లలు, ఇంట్లో చుట్టాలు. పల్లెలో అయితే వారంలో ఒక రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిదింటి లోపు బాగుంటుంది. నాట్లప్పుడు, కోతలప్పుడు, పత్తి తీతలప్పుడు పదిహేను రోజులకోసారికి తగ్గించండి, కానీ పూర్తిగా ఆపకండి. పట్నంలో శనివారం ఉదయం ఆరింటికి కూర్చుంటే ఏడుంపావుకి ఇంట్లో ఉంటారు. బొగ్గుగని కార్మికులు, ఆర్టీసీ డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు ఉన్న సంఘాల్లో షిఫ్టులు మారుతుంటాయి కాబట్టి ఒకే రోజు కుదరదు. ఒక వారం ఉదయం, ఒక వారం సాయంత్రం అని ముందే క్యాలెండర్ మీద రాసి ఇవ్వండి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లను మరచిపోకండి. నిజామాబాద్, కరీంనగర్, కోనసీమ, కడప వైపు ఎన్నో ఇళ్లలో మగమనిషి కువైట్‌లోనో సౌదీలోనో ఉంటాడు. ఆ రెండు దేశాల గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. అక్కడ శుక్రవారం సెలవు. మన రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తే వాళ్లకు సాయంత్రం ఐదున్నర, వంటకు ముందు సమయం. గుంపులో ఒకరికి ఆ బాధ్యత అప్పగించండి. ఇరవై నిమిషాలు చాలు. డబ్బు పంపావా అని కాక తిన్నావా, నిద్ర పడుతోందా అని అడిగే మగగొంతు వాళ్లకు అరుదు.

కూర్చునేది గుండ్రంగా. జంపఖానా మీద అయినా, ప్లాస్టిక్ కుర్చీల మీద అయినా అందరూ ఒకే ఎత్తులో ఉండాలి. మైకు వద్దు, వేదిక వద్దు, శాలువా అసలే వద్దు. టీ చివర్లో ఇవ్వండి, గ్లాసులు మగవాళ్లే కడగాలి. చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, గ్లాసులు కడగడానికి భార్యను పిలిచేవాడు ఆ రోజు విన్నదేమీ వినలేదని లెక్క.

డెబ్బై ఐదు నిమిషాలు ఎలా గడపాలి

ఒక కీర్తన, ఒక్కరి చిన్న ప్రార్థన, ఇవి కలిపి పది నిమిషాలు. తర్వాత పది పన్నెండు వచనాలు తలా రెండు చదవాలి. చదవడం రానివాళ్లను ఇబ్బంది పెట్టకుండా, విన్న కథను సొంత మాటల్లో చెప్పమనండి. తరచూ వాళ్లే బాగా చెబుతారు. ఇది పదిహేను నిమిషాలు. ఆ మీద ముప్పై నిమిషాలు ప్రశ్నలు, పది నిమిషాలు చేయాల్సిన పనుల పంపకం, చివరి పదీ ఒకరి కోసం ఒకరు ప్రార్థన. గడియారం చూడడానికి ఒకరిని పెట్టండి. చివరి ప్రార్థన పదిహేను నిమిషాలు లాగే మనిషి ప్రతి సంఘంలో ఒకరుంటారు. ఆయనకు గడియారం చూసే పని ఇస్తే సరి.

మొదటి రోజే చదివి వినిపించాల్సిన నియమాలు ఇవి:

- అడగనిదే సలహా ఇవ్వకూడదు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో వచనం చెప్పకూడదు.
- ఎవరైనా మూడు నాలుగు నిమిషాలకు మించి మాట్లాడకూడదు.
- ఇక్కడ విన్నది ఇంట్లో భార్యతో కూడా చెప్పకూడదు. ప్రార్థన విన్నపం పేరుతో బయట పెట్టకూడదు.
- ప్రాణాపాయం, పిల్లలకు హాని, భార్య మీద చెయ్యి: ఈ మూడింటికి గోప్యత వర్తించదు.

మూడో నియమం దగ్గరే ఎక్కువ గుంపులు పగిలిపోతాయి. “ఫలానా బ్రదర్ కోసం ప్రార్థించండి, అప్పుల్లో ఉన్నారు” అని ఆదివారం మైకులో చెబితే ఆ బ్రదర్ మళ్లీ గుడి వైపు చూడడు. ఎవరి సంగతి చెప్పాలన్నా ఆ మనిషిని అడిగి, ఆయన ఒప్పుకున్న మాటల్లోనే చెప్పాలి.

నాలుగో నియమం వెనుక చట్టం కూడా ఉంది. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. చెప్పకపోవడం శిక్షార్హం. “మన సంఘం పరువు” అని కూర్చుని సర్దుబాటు చేసే పెద్దలకు ఇది ముందే తెలిసి ఉండాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ఏం అడగాలి

“ఆత్మీయ జీవితం ఎలా ఉంది బ్రదర్?” అంటే “ప్రభువు కృప, బాగుంది” అని వస్తుంది. అక్కడితో ఆగిపోతుంది. జవాబులో ఒక రోజో, ఒక సంఖ్యో, ఒక పేరో ఉండక తప్పని ప్రశ్న అడగాలి. మొదటి నెల తేలికవి: పిల్లవాడు ఏ తరగతి, వాడి క్లాసు టీచర్ పేరేమిటి? ఈ వారం ఇంట్లో మీరు చేసిన పని ఏది? అమ్మానాన్నల మందులు ఎప్పుడు అయిపోతాయి? టీచర్ పేరు తెలియని తండ్రులు ఎంతమందో అక్కడే బయటపడుతుంది. సిగ్గుపడి మరుసటి వారానికి కనుక్కుని వస్తారు.

ఐదారు వారాలు గడిచి నమ్మకం కుదిరాక అసలు ప్రశ్నల్లోకి రండి. ఈ నెల వచ్చిన కూలీలో, జీతంలో ఇంటికి చేరింది ఎంత? డ్వాక్రాలో భార్య పేరున తెచ్చిన అప్పు ఎవరు వాడారు, కిస్తీ ఎవరు కడుతున్నారు? చివరిసారి ఇంట్లో గొంతు లేచింది ఎప్పుడు, చెయ్యి లేచిందా? రాత్రి పదకొండు దాటాక ఫోన్‌లో ఏం చూస్తున్నారు? ఎవరికి క్షమాపణ చెప్పాల్సి ఉంది, ఎన్నాళ్లుగా వాయిదా వేస్తున్నారు?

రూల్ ఒకటే: నడిపేవాడు మొదట జవాబు చెప్పాలి. ఆయన ఎంత లోతుకు దిగితే మిగతావాళ్లు అంతకే దిగుతారు. ఎవరూ మాట్లాడకపోతే ఒక నిమిషం ఆగండి. ఆ నిశ్శబ్దం భరించలేక వెంటనే పాట ఎత్తుకునేవాళ్లు మంచి అవకాశాన్ని పోగొడతారు.

ఏ వాక్యభాగాలు

మగవాళ్ల కూడికల్లో దావీదు, గొల్యాతు, సమ్సోను, యెహోషువ చుట్టూ తిరుగుతుంటారు. యుద్ధాలు వినడానికి బాగుంటాయి గానీ సోమవారం ఉదయం పనికిరావు. కింది క్రమం ఎనిమిది వారాలకు సరిపోతుంది.

బోయజుతో మొదలుపెట్టండి. రూతు 2వ అధ్యాయంలో ఆయన తన పొలంలో పరిగె ఏరుకునే పరాయి దేశపు విధవను ముట్టవద్దని పనివాళ్లకు ఆజ్ఞాపించాడు, నీళ్లు తాగమన్నాడు, పనల నుంచి కొన్ని కావాలనే వదలమన్నాడు. 4వ అధ్యాయంలో ఊరి ద్వారం దగ్గర పదిమంది పెద్దల ముందు వ్యవహారం బాహాటంగా తేల్చాడు. మీ పొలంలో, మీ దుకాణంలో, మీ కింద పనిచేసే ఆడమనిషికి ఏ రక్షణ ఉందో అడగండి. రెండో వారం నాబాలు, 1 సమూయేలు 25: ఆస్తి ఉంది, నోరు మంచిది కాదు, ఇంట్లో పనివాడు కూడా అతనితో మాట్లాడలేడు. “మీతో ఒక చెడు వార్త చెప్పాలంటే ఇంట్లో ఎవరు భయపడతారు?” అన్నది ఆ వారం ప్రశ్న.

మూడో వారం ఏలీ, 1 సమూయేలు 2, 3 అధ్యాయాలు. గుడిలో పెద్ద, ఇంట్లో కొడుకుల్ని ఆపలేకపోయాడు. సంఘ పెద్దలకు ఇది గుచ్చుకుంటుంది, గుచ్చుకోనివ్వండి. నాలుగో వారం యోబు 2వ అధ్యాయం చివర: స్నేహితులు ఏడు రోజులు నేల మీద కూర్చుని ఒక్క మాటా అనలేదు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాకే చెడింది. చావింటికి వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం లేదు.

ఐదో వారం 2 సమూయేలు 11, 12. దీన్ని చాలామంది బత్షెబ స్నానం కథగా చెప్పి ఆడవాళ్ల మీదకు తోస్తారు. వాక్యం చదివితే చూసింది దావీదు రాజు, కబురు పంపింది రాజు, తెప్పించుకుంది రాజు. నాతాను ప్రవక్త చెప్పిన ఉపమానంలో కూడా తప్పు గొర్రెపిల్లది కాదు, దాన్ని లాక్కున్న ధనవంతుడిది. ఆరో వారం నెహెమ్యా 3, 5: ఎవరి ఇంటి ఎదుటి గోడ వాళ్లు కట్టడం ఒకటి, సొంత జనం దగ్గర వడ్డీ పిండే పెద్దమనుషుల్ని నిలదీయడం ఇంకొకటి. ఏడో వారం మత్తయి 1లో యోసేపు. అనుమానం వచ్చినప్పుడు కూడా మరియను బజారుకు ఈడ్వకూడదనుకున్నాడు.

ఎఫెసీ 5ను చివరికి ఉంచండి. మన పెళ్లిళ్లలో 22వ వచనం నుంచి ఎత్తుకుంటారు. 21 నుంచి చదవండి, అక్కడ ఒకరికొకరు లోబడమని ఉంది. భార్యలకు చెప్పింది మూడు వచనాలు. 25 నుంచి అధ్యాయం ముగిసేదాకా మాట ఎక్కువగా భర్తలతోనే. మగవాళ్ల కూడికలో మగవాళ్లకు రాసిందే చదవాలి.

తాగుడు

సహవాసానికి వచ్చే సమస్యల్లో ఇదే పెద్దది. సరిగా తెలియకుండా చేయి పెడితే ప్రాణం పోతుంది కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

ముందు మనిషి ఏ స్థితిలో ఉన్నాడో కనుక్కోండి. పండక్కో పెళ్లికో తాగేవాడు వేరు. రోజూ తాగుతూ, పొద్దున లేవగానే చేతులు వణికి, ఆ వణుకు ఆగడానికి ఒక పెగ్గు వేసుకునేవాడు వేరు. రెండో మనిషి చేత బైబిలు మీద ఒట్టు వేయించి, ఉపవాస ప్రార్థన అని మూడు రోజులు గదిలో కూర్చోబెట్టడం చాలాచోట్ల జరుగుతుంది. ఇది ప్రమాదం. అలవాటు పడ్డ ఒంట్లోంచి మందు ఒక్కసారిగా ఆగితే కొన్ని గంటల్లోనే వణుకు, చెమట, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య మనిషి తెలివి తప్పి, లేనివి కనిపిస్తున్నాయంటూ కేకలు పెట్టవచ్చు. అది దయ్యం కాదు. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఊళ్లో గ్లూకోజ్ బాటిల్ ఒక్కటే ఎక్కించి పడుకోబెట్టినా చాలదు. బీ1 విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు హాని జరిగే ప్రమాదం ఉంది. డాక్టర్లు ఆ క్రమం చూసుకుంటారు.

కాబట్టి మానాలనుకునే మనిషిని మానే రోజుకు ముందే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాల పేర్లు తెలిసినవే. మీకు దగ్గరలో ఉన్నది కనుక్కోవడానికి మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446 ఉంది. ఇంకో మాట: మందు మాన్పించే మాత్రలను భర్తకు తెలియకుండా కూరలో కలిపే ఇళ్లున్నాయి. ఆ మాత్ర మీద మందు పడితే బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. మనిషికి చెప్పి, డాక్టరు చూస్తుండగానే వాడాలి. సంఘంలో ఎవరైనా అలా చేస్తున్నారని తెలిస్తే ఆపించండి.

ఆసుపత్రి నుంచి వచ్చాక సహవాసం పని మొదలవుతుంది. ఇద్దరు తోడు మనుషుల్ని పెట్టండి, ఒక్కరు చాలరు. కూలీ డబ్బులు అందే సాయంత్రం అన్నిటికంటే గడ్డుది. ఆ రోజు పని దగ్గరికి వెళ్లి, వైన్ షాపూ బెల్టు షాపూ లేని దారిలో ఇంటిదాకా నడిచి రావాలి. పెళ్లిళ్లు, చావులు, ఎన్నికల రోజులు, డిసెంబరు 31 రాత్రి, ఇవి ముందే రాసి పెట్టుకుని ఆ రోజుల్లో పక్కనుండాలి. మళ్లీ తాగితే బహిష్కరించకండి, చీవాట్లు పెట్టకండి. మరుసటి ఉదయం వెళ్లి మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. చాలామంది ఒక్కసారికే మానలేరు.

మానిన రెండో వారానికే స్టేజీ ఎక్కించి సాక్ష్యం చెప్పించే అలవాటు మానుకోవాలి. చప్పట్లు కొట్టినవాళ్ల ముందు పడిపోవడం కంటే ఆ మనిషికి నరకం లేదు, పడితే ఇక గుడికే రాడు. కనీసం ఏడాది ఆగండి. అప్పుడు కూడా ఆయన అడిగితేనే.

భార్యను కొట్టే మనిషి

దీన్ని తాగుడుతో కలపకండి. తాగి కొట్టేవాళ్లలో చాలామంది తాగినా ఎస్సైని కొట్టరు, మేస్త్రీని కొట్టరు. ఎవరిని కొట్టవచ్చో వాళ్లకు బాగా తెలుసు.

సహవాసంలో ఇది బయటపడితే ఇద్దర్నీ పిలిచి పంచాయితీ చేయొద్దు. మగవాళ్ల గుండ్రం మధ్య ఆమె నిజం చెప్పదు, చెబితే రాత్రికి ఇంకో దెబ్బ. స్త్రీల కూడికలో నమ్మకమైన పెద్దావిడ ఆమెను విడిగా కలిసి, ఏం కావాలో అడగాలి. మహిళల హెల్ప్‌లైన్ 181, 2005 గృహహింస చట్టం కింద ఉన్న రక్షణ ఆమెకు తెలియాలి. “ఓర్చుకో తల్లీ” అన్న మాట ఎవరి నోటా రాకూడదు. మగవాడితో ఇద్దరు కూర్చుని సూటిగా చెప్పాలి: పాటల గుంపు, కానుక పళ్లెం, కమిటీ, ఏ బాధ్యతలో ఉన్నా ఈ రోజుతో తప్పుకోవాలి. ఆమె భద్రంగా ఉన్నానని చెప్పేదాకా ఆ బాధ్యత తిరిగి రాదు. కన్నీళ్లు పెట్టుకుంటే నమ్మేయకండి, నెలలు గడవనివ్వండి.

అప్పులు, కట్నాలు, సహవాసం డబ్బు

అప్పుల్లో ఉన్నానని చెప్పిన మనిషికి మొదటి సాయం ఒక తెల్ల కాగితం. ఎవరికి, అసలు ఎంత, నూటికి ఎంత వడ్డీ, ఎంత కట్టారు, ఏం తాకట్టు. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతమని కాగితం మీద చూసేదాకా చాలామందికి తగలదు. ఎక్కువ వడ్డీది ముందు తీర్చే దారి వెతకండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ప్రైవేటు వడ్డీ దించుకోవడం ఒక దారి. అయితే ఆ బంగారం భార్యది, ఆమె ఒప్పుకోవాలి. లోన్ యాప్‌వాళ్లు ఫొటోలు పంపి బెదిరిస్తుంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయించండి.

సహవాసం మాత్రం అప్పు ఇవ్వకూడదు, చీటీ కట్టకూడదు, ఒకరికొకరు జామీను ఉండకూడదు. బాకీ ఉన్న మనిషి ఎదురుగా ఎవరూ నిజం మాట్లాడరు. కూడికకు రావడమే మానేస్తారు. నెలకు తలా 50 రూపాయలు వేసుకుని, ఆసుపత్రి ఆటోకీ చావు ఖర్చుకీ తిరిగి అడగని సాయంగా వాడండి. ఒక్కో సాయానికి పరిమితి ముందే పెట్టండి, 2,000 అనుకుంటే అంతే. పుస్తకం ఒకరి దగ్గర, డబ్బు ఇంకొకరి దగ్గర. నెలకోసారి లెక్క పైకి చదవాలి.

మాటలో మాట, కట్నం. 1961 చట్టం ప్రకారం తీసుకున్నా ఇచ్చినా నేరమే, శిక్ష ఐదేళ్లకు తక్కువ కాదు. మన సంఘాల్లో ప్రార్థన చేసి మరీ మాట్లాడుకుంటున్నారు. సహవాసంలో ఉన్నవాడు కట్నం మాటలకు మధ్యవర్తిగా కూర్చోకూడదని ఒక్క నియమం పెట్టండి. కొడుకు పెళ్లికి ఎదిగినవాళ్లు ముఖాలు చూసుకుంటారు. చూసుకోనివ్వండి.

ప్రాణం మీదకు వచ్చిన మాట

“నేను లేకపోతే వీళ్లకు బాగుంటుంది” అని ఎవరైనా అంటే పాట పాడి దాటేయకండి. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. పొలం ఉన్న ఇల్లయితే పురుగుమందు డబ్బాలు ఇంకొకరి ఇంటికి తరలించండి, ఇది అన్నిటికంటే ముందు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు. ఫోన్ కలిపి ఇచ్చి పక్కన కూర్చోండి.

చేతులతో చేసే పని

మగవాళ్లు ఎదురెదురుగా కూర్చున్నప్పటి కంటే పక్కపక్కన పని చేసేటప్పుడు ఎక్కువ మాట్లాడతారు. అందుకే నెలకు ఒక పని తప్పనిసరి. అన్నిటిలోకీ మేలైనది చావు పనికి నిలబడే జట్టు.

గొయ్యికి ఆరుగురు కావాలి, ఇద్దరిద్దరు వంతులవారీగా దిగుతారు. పొడవు ఏడు అడుగులు, వెడల్పు మూడు, లోతు ఐదు నుంచి ఆరు. ముందు పెట్టె కొలత అడగండి, పిడులతో కలిపి. రెండు గడ్డపారలు, మూడు పారలు, గంపలు, ఇరవై అడుగుల మోకులు రెండు, పైన అడ్డం వేయడానికి దుంగలు రెండు. ఇవి గుడి వెనక గదిలో ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. తవ్విన మట్టిని అంచుకు కనీసం రెండడుగుల దూరం పోయండి. అంచు మీదే పోస్తే బరువుకు గోడ కూలుతుంది. వానాకాలంలో నల్లరేగడి నేల మరీ నమ్మదగినది కాదు. పైభాగం వెడల్పుగా తీసి కిందికి ఇరుకు చేసుకుంటూ వెళ్లాలి, లోపల ఒక్కరే ఉండకూడదు. గట్టి మొరం నేల అయితే నాలుగైదు గంటలు పడుతుంది కాబట్టి తెల్లవారకముందే మొదలుపెట్టండి. ఫ్రీజర్ పెట్టె అద్దెకిచ్చేవాళ్లవి రెండు నంబర్లు పుస్తకంలో రాసి ఉంచండి.

తర్వాతి పని కాగితాలది. మరణం 21 రోజుల్లోపు నమోదు కావాలి. పల్లెలో పంచాయతీ కార్యదర్శి, పట్నంలో మున్సిపాలిటీ. ఆసుపత్రిలో పోతే వాళ్లే పంపుతారు, పంపారో లేదో కనుక్కోవాలి. ఆదరణ కూడిక అయ్యాక అందరూ వెళ్లిపోతారు, అసలు ఇబ్బంది అప్పుడు మొదలవుతుంది. రెండో నెలలో ఇద్దరు వెళ్లి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, వితంతు పింఛను, బ్యాంకు ఖాతా, పిల్లల ఫీజు, ఈ నాలుగూ అడగాలి. వెళ్లేటప్పుడు మీ భార్యనో స్త్రీల కూడిక నుంచి ఒకరినో తోడు తీసుకెళ్లండి. భర్త పోయిన ఆమె పేరు ఊళ్లో నలగకూడదు.

రక్తదానం జాబితా రాయడానికి ఒక సాయంత్రం చాలు. 18 నుంచి 65 ఏళ్ల లోపు, 45 కిలోలకు తగ్గకుండా, హిమోగ్లోబిన్ 12.5 ఉన్నవాళ్లు. మగవాళ్లు 90 రోజులకోసారి ఇవ్వవచ్చు. పేరు పక్కన గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీ రాస్తే అర్ధరాత్రి ఫోన్ వచ్చినప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

ఎక్కడ చెడుతుంది

నాలుగో నెల దగ్గర హాజరు పడిపోతుంది. రాని మనిషి ఇంటికి రెండు రోజుల్లోపు ఇద్దరు వెళ్లండి. “ఎందుకు రాలేదు” అనకుండా టీ తాగి రండి. పెద్ద ఉద్యోగి ఒకరు ప్రతి వారం తానే మాట్లాడుతుంటే, నడిపే బాధ్యత మూడు నెలలకోసారి మారుతుందని నియమం చూపించండి, వేరే గొడవ అక్కర్లేదు. వాట్సాప్ గ్రూపులో శుభోదయం బొమ్మలు మొదలైతే అసలు సమాచారం మునిగిపోతుంది. అడ్మిన్లు మాత్రమే రాసేలా పెట్టి సమయం, చోటు, పని, ఈ మూడే రాయండి. ఎన్నికల సీజన్లో అభ్యర్థి జంపఖానాలు కొనిస్తానని వస్తాడు. పాతవి బాగానే ఉన్నాయని చెప్పండి.

కుర్రాళ్లను ఇద్దరేసి చొప్పున రానివ్వండి, ఒక్కడిగా అయితే మూల కూర్చుంటాడు. పద్దెనిమిది నిండనివాళ్లతో ఏ పెద్దాయనా తలుపులేసుకుని ఒంటరిగా కూర్చోకూడదు, ఎంత మంచివాడైనా సరే.

ఆరు నెలలకు ఒకసారి స్త్రీల కూడికను ఒక్క ప్రశ్న అడిగించండి: ఇంట్లో ఏమైనా మారిందా? పేర్లు వద్దు, చీటీ మీద అవును, కాదు, లేదా ఒక వాక్యం. ఆ చీటీలు మగవాళ్ల మధ్య పైకి చదవాలి, ఎవరూ జవాబు చెప్పుకోకూడదు. అన్నీ కాదు అని వస్తే ప్రశ్నలు మెత్తబడ్డాయని అర్థం, మళ్లీ మొదటి నెల ప్రశ్నల నుంచి ఎత్తుకోండి.

తొమ్మిదో మనిషి వచ్చిన నాడు రెండు గుంపులుగా విడిపోవాలి. విడిపోవడం ఎవరికీ ఇష్టం ఉండదు, అందుకే తేదీ ముందే చెప్పండి. పాతవాళ్లు అటు నలుగురు, ఇటు నలుగురు, కొత్తవాడు ఏ వైపు ఎక్కువ మొహమాటం లేకుండా కూర్చోగలడో ఆ వైపు. గడ్డపారలూ మోకులూ మాత్రం పంచుకోవద్దు, ఆ జట్టు ఒకటిగానే ఉండాలి.